చిన్న విమానమునకు నీడ

ఒక విమానమును డెబ్బదిరెండవ వంతుకు కుదించి, ప్లాస్టిక్కు ముక్కలను అతికి, బల్లమీద నిలిపినామనుకొందము. రెక్కల కొలత సరిగానే ఉన్నది. ముక్కు వంపు సరిగానే ఉన్నది. తోకమీది అంకెలు కూడ పటములో చూచినట్లే దిద్దినాము. పచ్చరంగు, మట్టిరంగు ఎక్కడెక్కడ ఉండవలెనో అక్కడనే పూసినాము. అయినను ఇంటికి వచ్చిన చుట్టము దానిని చూచి “బొమ్మ ముచ్చటగా ఉన్నది” అనునే గాని, “అబ్బ, విమానమే!” అనడు. లోపము కొలతలో లేదు; రంగు ఎంపికలో లేదు. మరి ఎక్కడ ఉన్నది?

సమాధానము ఒక చిన్న లెక్కలో దొరకును. రెండవ ప్రపంచ యుద్ధములో పేరుపొందిన బ్రిటిష్ యుద్ధవిమానము స్పిట్‌ఫైర్. దాని తొలి రకమునకు రెక్కల కొననుండి కొనకు 36 అడుగుల 10 అంగుళములు, అనగా సుమారు 11.23 మీటర్లు. 72వ వంతు నమూనాలో అది 15.6 సెంటీమీటర్లు అగును. అంతవరకు చిక్కు లేదు. కాని అసలు విమానము ఒంటిమీద రేకునకు రేకునకు మధ్య ఒక మిల్లీమీటరు సందు ఉన్నదనుకొందము. నమూనాలో ఆ సందు 0.014 మిల్లీమీటరు మాత్రమే కావలెను. అది తలవెంట్రుక మందముకన్న ఎంతో తక్కువ. అంత సన్నని సందులో కంటికి ఆనునంతటి నీడ నిలువదు. తలుపు అంచున, మేకు తల చుట్టు, యంత్రపు మడతలలో పెద్ద వస్తువునకు సహజముగా పడు నీడలన్నియు చిన్న వస్తువులో మాయమగును. వస్తువును మనము కుదించగలము, వెలుగును కుదించలేము.

కనుక పోయిన నీడను చేతితో తిరిగి ఇవ్వవలసి వచ్చినది. ముదురు రంగును మిక్కిలి పలుచన చేసి నమూనామీద పారించినచో, అది మిట్టలనుండి జారి పల్లములలో చేరును. చేరినచోట ఎండి నీడవలె నిలుచును. ఈ పలుచని పూతకే చిత్రకారులు వాష్ అని పేరు పెట్టినారు. చూచుటకు ఇంతే పని: రంగు చుక్క, నీటి చుక్క, కుంచె. కాని నీటివలె పారి, పారినచోట జిగురువలె అంటుకొని, క్రింది పూతను చెరపక, ఇంటిలో ఊపిరి ఆడనీయని వాసన వేయక ఉండు రంగు ఒకటి మనుష్యునకు దొరకుటకు రసాయనశాస్త్రములో అర్ధశతాబ్దికిపైగా కృషి జరిగినది. ఆ కథయే నేటి మన విషయము.

ముందుగా బొమ్మకును నమూనాకును గల భేదమును గుర్తింపవలెను. మన కొండపల్లి బొమ్మనే చూడుడు. తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అంగములు అతికి, మిలమిలలాడు రంగులు వేయుదురు. అంబారీ ఏనుగు ఎర్రని వస్త్రము కప్పుకొని నిలుచును. ఆ ఎరుపులో మడతల మురికి ఉండవలెనని ఎవరును కోరరు. బొమ్మ పండుగకు వచ్చినది. బొమ్మలకొలువులో మెట్టుమీద వెలుగుటయే దాని ధర్మము. నమూనా ధర్మము వేరు. అది మరొక వస్తువునకు సాక్షి. ఎక్కడనో నిజముగా ఉండి, ఎండకు ఎండి, వానకు తడిసి, మనుష్యుల చేతులలో అరిగిన ఒక వస్తువును గూర్చి అది సాక్ష్యము చెప్పవలెను. నీడ లేని సాక్ష్యము సగము సాక్ష్యమే.

పలుచని రంగుతో నీడను చూపు విద్య నమూనాలు చేయువారు కనిపెట్టినది కాదు. అది కాగితమునుండి వచ్చినది. 17వ శతాబ్దిలో హాలండులో రెంబ్రాంట్, ఇటలీలో స్థిరపడిన క్లాడ్ లొరేన్ గోధుమవన్నె సిరాను నీటితో పలుచన చేసి, రెండు మూడు పూతలతో చెట్ల నీడలను, ముఖముల వంపులను చూపినారు. 18వ శతాబ్దిలో ఇంగ్లండున నీటిరంగుల చిత్రణ విరివిగా వ్యాపించినది. నీటితో తడిపినంతనే కరగు రంగు బిళ్లలను తయారుచేసిన రీవ్స్ సోదరులకు 1781లో లండనులోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ బహుమతి నిచ్చినది. రంగును నూరుకొను శ్రమ తప్పుటతో నీటిరంగు ప్రయాణికుని సంచిలోనికి చేరినది.

ఈ విద్య మన దేశములో మరొక రూపము దాల్చినది. 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అను జపాను చిత్రకారులు కలకత్తాకు వచ్చినారు. వారి పద్ధతిని గమనించిన అవనీంద్రనాథ ఠాగూరు రంగు వేసిన కాగితమును నీటిలో తడిపి, ఆరనిచ్చి, మరల రంగు వేయు విధానమును రూపొందించినారు. బంగాళీ చిత్రకళలోని ఆ మంచుతెర వంటి మృదుత్వము దానివలన కలిగినదే. ఆ సంప్రదాయమును ప్రమోదకుమార చట్టోపాధ్యాయ మచిలీపట్టణములోని ఆంధ్ర జాతీయ కళాశాలకు తెచ్చినారు. అడివి బాపిరాజు అక్కడ వారి శిష్యులైనారు. కాబట్టి వాష్ అను మాట తెలుగు చిత్రకారులకు క్రొత్త కాదు.

అయితే ఈ చిత్రకారులందరికి ఒక మిత్రుడు ఉన్నాడు. ఆ మిత్రుడు కాగితము. కాగితము నీటిని త్రాగును. నీటితోపాటు వచ్చిన రంగు రేణువులు కాగితపు నారలలో చిక్కుకొని నిలిచిపోవును. నీరు ఎగిరిపోయినను రంగు ఎక్కడికిని పోదు. రంగులో కలిసిన బంక కొద్దిగా ఉన్నను చాలును. మిగిలిన పని కాగితము చేయును. ప్లాస్టిక్కునకు నారలు లేవు. అది నీటిని త్రాగదు. దానిమీద పోసిన నీరు తామరాకుమీది బొట్టువలె గుండ్రముగా ముడుచుకొనును. ఎండిన తరువాత మిగిలిన రంగు పొడి వ్రేలు తగిలినంతనే రాలిపోవును. కాగితముమీద రెండు మూడు శతాబ్దములు సాగిన విద్య ప్లాస్టిక్కుమీద ఒక గడియ కూడ సాగలేదు.

ఈ ప్లాస్టిక్కు నమూనా ఎట్లు వచ్చినదో కొంచెము చెప్పుకొందము. 1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ సంస్థ వారు పెంగ్విన్ అను పేరుతో 72వ వంతు విమానముల పెట్టెలను విడుదల చేసినారు. అవి సెల్యులోజ్ ఎసిటేటు అను ప్లాస్టిక్కుతో చేసినవి. కొలది యేండ్లలో యుద్ధము వచ్చినది. 1942లో అమెరికా నౌకాదళము పాఠశాలల విద్యార్థులను ఒక విచిత్రమైన పనికి పిలిచినది. మిత్రుల విమానములు, శత్రువుల విమానములు కలిపి ఏబది రకములకు 5,00,000 నమూనాలు చెక్కతో చేసి పంపవలెనని కోరినది. కొలత 72వ వంతు. రంగు నలుపు మాత్రమే.

ఆ కొలతలో ఒక యుక్తి ఉన్నది. 35 అడుగుల దూరమున ఉంచిన నమూనా, సుమారు అర మైలు దూరమున ఎగురు అసలు విమానమంత కనిపించును. ఫిరంగి వద్ద నిలిచిన సైనికుడు ఆకాశమున కనిపించిన రూపమును క్షణములో పోల్చుకొనవలెను. పొరబడినచో తనవారినే కూల్చును. సంశయించినచో తాను కూలును. వానికి కావలసినది ఆకారపు అంచు మాత్రమే. రేకుల సందులు, నూనె మరకలు వానికి అక్కరలేదు. కనుక ఆ నమూనాలకు నీడతో పని లేదు, అవియే నీడలు. పదునాలుగు, పదునైదేండ్ల బాలురు చెక్కిన ఆ నల్లని చెక్కముక్కలు ప్రాణములకు సంబంధించిన పాఠపుస్తకములైనవి.

యుద్ధము ముగిసిన తరువాత నమూనా పని మారినది. ఇప్పుడు దానిని శత్రువును గుర్తించుటకు గాక, గడచిన దానిని జ్ఞాపకము పెట్టుకొనుటకు చేయసాగినారు. 1939లో హంగరీ దేశీయుడైన నికొలస్ కోవ్ లండనులో స్థాపించిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1952లో గోల్డెన్ హైండ్ అను ఓడ నమూనాను పాలిస్టైరీను ముక్కలుగా సంచిలో పెట్టి, వుల్‌వర్త్ దుకాణములలో రెండు షిల్లింగులకు అమ్మించినది. మరుసటి యేడు స్పిట్‌ఫైర్ వచ్చినది. యుద్ధమునుండి తిరిగివచ్చిన తండ్రియు, యుద్ధము నెరుగని కుమారుడును ఒకే బల్లవద్ద కూర్చుండి ఒకే విమానమును అతుకు కాలము వచ్చినది. తండ్రికి ఆ విమానము నల్లని అంచు కాదు. ఎక్కునప్పుడు బూటు రాపిడికి రంగు లేచిన రెక్క మొదలు, తుపాకి గొట్టముల వెనుక పొగమసి, ఇంజను క్రింద కారిన నూనె చారిక అతనికి జ్ఞాపకమున్నవి. నమూనామీద అవి కూడ కావలెను.

వానిని చూపుటకు అప్పుడు చేతనున్నవి ఎనామెల్ రంగులు. చిన్న డబ్బాలలో వచ్చు ఆ రంగులు నూనె జాతివి; గట్టిగా అంటును, నునుపుగా పరచును. వానిని పలుచన చేయుటకు టర్పెంటైనుగాని, వైట్ స్పిరిటు అను పెట్రోలియపు ద్రావకముగాని వాడవలెను. స్పిరిటుతో పలుచన చేసిన వాష్ అద్భుతముగా పారును. సందు మొదట కుంచె కొన తాకించిన చాలు, రంగు సందు చివరవరకు తానే పరుగిడును. నేటికిని చేయితిరిగిన వారు కొందరు దానినే ఇష్టపడుదురు.

కాని దానిలో రెండు చిక్కులున్నవి. మొదటిది, వాష్‌ను పలుచన చేసిన స్పిరిటే క్రింది ఎనామెల్ పూతను కూడ మెత్తబరచును. నీడ వేయబోయి ఒంటిరంగునే చెరపుకొన్నవారు లెక్కకు మిక్కిలి. క్రింది పూతను రోజుల తరబడి ఆరనిచ్చి, మధ్య వేరు జాతి వార్నీషు పూసి కాపాడుకొనవలసి వచ్చినది. రెండవది, ఊపిరి. స్పిరిటు ఆవిరి తలనొప్పి కలిగించును. గాలి ఆడని గదిలో గంటల తరబడి పీల్చుట ఆరోగ్యమునకు హాని. ఈ పని సాగునది కర్మాగారములో కాదు. ఇంటిలో, పిల్లలు నిద్రించు గదిలో. నీటితో కలిసి, ప్లాస్టిక్కును అంటి, ఎండిన పిదప నీటికి లొంగని రంగు కావలసి యుండెను. ఈ మూడు గుణములును ఒకదానితో నొకటి విరుద్ధముగా తోచును. ఆ విరోధమును పరిహరించినది ఆక్రిలిక్.

దాని మూలము జర్మనీలో ఉన్నది. 1901లో ఒట్టో రోమ్ అను యువకుడు ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున ఆక్రిలిక్ ఆమ్లమునుండి ఏర్పడు బంక వంటి పదార్థములమీద తన పరిశోధన గ్రంథమును సమర్పించినాడు. అప్పటికి అవి ఎందుకు పనికివచ్చునో ఎవరికిని తెలియదు. 1907లో అతడు ఒట్టో హాస్ అను వర్తకునితో కలిసి సంస్థ పెట్టినాడు. దాని తొలి సరకు రంగు కాదు, గాజు కాదు. తోళ్లను మెత్తబరచుటకు ఆనాటి చర్మకారులు కుక్కల మలమును, పావురముల రెట్టను వాడుచుండిరి. దానికి బదులుగా రోమ్ ఒరొపాన్ అను శుభ్రమైన పదార్థమును చేసినాడు. ఆ రాబడియే ఆక్రిలిక్ పరిశోధనను పోషించినది. చూచుటకు నవ్వు వచ్చినను, చరిత్ర తరచుగా ఇట్టి దారులనే నడచును.

1915లోనే రోమ్, రంగులలో ఎండు నూనెలకు బదులు ఆక్రిలిక్ పదార్థమును వాడవచ్చునని పేటెంటు పొందినాడు. కాని ప్రపంచము మొదట చూచినది రంగును కాదు, పారదర్శకమైన పలకను. 1933లో ఆ పలక ప్లెక్సిగ్లాస్ అను పేరుతో వెలువడినది. బ్రిటన్‌లో అదే జాతి పలకకు పెర్‌స్పెక్స్ అని పేరు. గాజువలె తెల్లగా ఉండి, గాజుకన్న తేలికయై, వంచిన వంగునట్టి ఆ పలక యుద్ధవిమానములకు వరమైనది. స్పిట్‌ఫైర్ విమానచోదకుని తలపై గుమ్మటము దానితోనే చేసినారు. ఇక్కడ ఒక వింత గమనింపదగును. నేడు మన బల్లమీది స్పిట్‌ఫైరునకు నీడ నిచ్చు రంగునకును, నాడు ఆకాశమున అసలు స్పిట్‌ఫైర్ నడిపినవాడు లోకమును చూచిన కిటికీకిని కులము ఒక్కటే.

యుద్ధము ముగియగానే పలకలకు గిరాకీ పడిపోయినది. ఫిలడెల్ఫియాలో హాస్ 1909లో నెలకొల్పిన అమెరికా శాఖ ఆక్రిలిక్‌కు మరొక దారి వెదకినది. 1953లో అది ఇంటిగోడల రంగులకొరకు రోప్లెక్స్ ఎ.సి.-33 అను ఎమల్షన్‌ను విడుదల చేసినది. ఎమల్షన్ అనగా ఏమి? మన ఇంటి పాలను తలచుకొనుడు. వెన్న నీటిలో కరగదు. అయినను పాలలో వెన్న కంటికి కనబడని బిందువులుగా నీటితో కలిసి ఉన్నది. ఆక్రిలిక్ ఎమల్షన్ కూడ అట్టిదే. మిల్లీమీటరులో సుమారు పదివేల వంతు ఉండు రేణువులు నీటిలో తేలుచుండును. నీరు ఆవిరి అగుకొలది రేణువులు దగ్గరగా వచ్చి, ఒకదానినొకటి ఒత్తుకొని, అతుకుకొని, ఒకే పొరగా మారును. ఒకసారి పొర ఏర్పడినదా, మరల నీరు పోసినను విడిపోదు. వచ్చునప్పుడు నీటితో వచ్చి, నిలిచిన తరువాత నీటిని లెక్కచేయని రంగు ఈ విధముగా సిద్ధమైనది.

చిత్రకారులు ఊరక కూర్చుండలేదు. 1940ల చివర న్యూయార్కులో లియొనార్డ్ బోకూర్, శామ్ గోల్డెన్ అనువారు మాగ్నా అను ఆక్రిలిక్ రంగును చేసినారు. కాని దానిని టర్పెంటైనుతోనే పలుచన చేయవలెను. 1952లో హెలెన్ ఫ్రాంకెన్‌తాలర్ నూనె రంగును టర్పెంటైనుతో నీళ్ల వలె చేసి, పూత లేని పచ్చి గుడ్డమీద పోసి ‘మౌంటెన్స్ అండ్ సీ’ అను పెద్ద చిత్రమును సృష్టించినది. మరుసటి యేడు దానిని చూచిన మోరిస్ లూయీ మాగ్నా రంగుతో ఆ దారిని మరింత దూరము నడచినాడు. పచ్చి గుడ్డలో ఇంకిన నూనె కాలక్రమమున గుడ్డను పెళుసు చేయును. ఆక్రిలిక్‌కు ఆ దోషము లేదు. 1955లో సిన్సినాటిలో హెన్రీ లెవిసన్ నీటితో కలియు ఆక్రిలిక్ రంగును లిక్విటెక్స్ పేర విపణిలోనికి తెచ్చుటతో చిత్రకారుని బల్లమీద టర్పెంటైను సీసా చోట నీళ్ల గ్లాసు వచ్చి కూర్చున్నది.

చిత్రకారుని గది నుండి నమూనాలు చేయువాని బల్లకు చేరుటకు ఆ రంగునకు మరికొంత కాలము పట్టినది. 1965లో అమెరికాలోని న్యూజెర్సీలో ప్రారంభమై, 1969లో స్పెయినునకు తరలిన వాయెఖో సంస్థ మొదట చేసినది కదలెడు బొమ్మల చలనచిత్రములకు వాడు రంగులను. ఆ బొమ్మలను పారదర్శకమైన ప్లాస్టిక్కు రేకులమీద గీయుదురు. నీరు త్రాగని తలముమీద అంటు నీటిరంగు వారికి కావలసినది; నమూనాలు చేయువారికిని కావలసినది అదే. తరువాతి దశాబ్దములలో జపానుకు చెందిన తామియా మొదలగు సంస్థలు కూడ నమూనాలకొరకే ఆక్రిలిక్ సీసాలు తయారుచేసినవి. కొన్నింటిలో నీటితోపాటు ఆల్కహాలు జాతి ద్రావకము కూడ ఉండును గనుక, అన్ని ఆక్రిలిక్‌లును ఒకే తీరున పలుచన కావు. ఏ సీసాకు ఏ ద్రావకమో చూచుకొనుట మొదటి పాఠము.

ఇదే కాలమున వాష్ ఒక కళగా గుర్తింపబడినది. అమెరికాలో షెపర్డ్ పేన్ 1970లలో మోనోగ్రామ్ సంస్థవారి పెట్టెలతో వచ్చిన కరపత్రములలో నమూనాలను దృశ్యములుగా అమర్చి చూపినాడు. 1980లో ఆ విద్యమీద పుస్తకము ప్రచురించినాడు. బెల్జియములో ఫ్రాన్స్వా వెర్లిండెన్ పల్లములకు వాష్‌ను, మిట్టలకు పొడికుంచె రాపిడిని జతచేసి చూపిన తీరు దేశదేశముల అనుసరణ పొందినది. వీరు చూపిన దానిలోని సారము ఇది: టాంకు ఎన్ని టన్నులో చెప్పుట మాత్రమే నమూనా పని కాదు, దానిలో మనుష్యులు బ్రతికినారని చెప్పుట కూడ దాని పనియే. ఎక్కినచోట అరుగు, కూర్చున్నచోట మురికి, కారినచోట చారిక. ఇవన్నియు పలుచని రంగు చెప్పగల మాటలు.

ఇక ఆ పలుచన ఎంత? అనుభవము కలవారు ఒక పాలు రంగునకు ఐదు మొదలు పది పాళ్ల నీరు వరకు కలుపుదురు. అయితే నీరు ఎక్కువైనకొలది రెండు ప్రమాదములు దాపురించును. మన యిళ్లలో వెల్లవేయునప్పుడు సున్నములో బంక కలుపుట చూచియే యుందుము. బంక చాలని వెల్ల గోడకు ఆనుకొన్నవాని వీపునకు అంటును. ఆక్రిలిక్‌లో ఆ బంక పని ఎమల్షన్ రేణువులు చేయును. నీరు మితిమీరినచో రేణువులు దూరదూరముగా ఉండిపోయి, ఎండినప్పుడు పొర బలహీనమగును. కాగితముమీద ఐనచో చెల్లును. నునుపైన ప్లాస్టిక్కుమీద చెల్లదు. దీనికి నివారణ, నీటితో మాత్రమే గాక, రంగు పొడి లేని ఆక్రిలిక్ మీడియము కొంత కలిపి పలుచన చేయుట. అప్పుడు రంగు పలుచబడును గాని బంక పలుచబడదు.

రెండవ ప్రమాదము నీటి స్వభావమునుండి వచ్చును. నీటికి తలతన్యత ఎక్కువ. 20 డిగ్రీల వేడిమిలో అది మీటరుకు సుమారు 73 మిల్లీన్యూటన్లు. ఆల్కహాలు జాతి ద్రావకములకు అందులో మూడవ వంతు కూడ ఉండదు. అందుచేతనే స్పిరిటు సందులో పరుగిడును, నీరు బొట్టుగా ముడుచుకొనును. నీటిలో గిన్నెలు తోము ద్రవసబ్బు ఒక్క చిన్న బొట్టు కలిపినచో ఆ బిగువు సడలి రంగు పారును. ఒక్క బొట్టే సుమా! ఎక్కువైన నురుగు వచ్చును, పొర అంటదు. వాష్‌కు ముందు నమూనామీద నిగనిగలాడు వార్నీషు ఒక పూత వేసి ఆరనిచ్చినను మేలే. గరుకు తలముమీద రంగు ఎక్కడ పడిన అక్కడనే నిలిచి మరకగును. నున్నని తలముమీద జారి పల్లమునకు చేరును.

క్రొత్తవారిని ఎక్కువగా నిరాశపరచునది మరొకటి ఉన్నది. బల్లమీద కాఫీ బొట్టు ఎండినప్పుడు నడుమ లేతగా, అంచున ముదురుగా వలయము ఏర్పడుట అందరును చూచినదే. ఏండ్ల తరబడి చూచినను కారణమును చక్కగా విప్పినది 1997లో, చికాగో విశ్వవిద్యాలయమున రాబర్ట్ డీగన్, అతని సహచరులు. బొట్టు అంచు కదలక నిలిచిపోవును. అంచున ఆవిరి వేగముగా జరుగును. పోయిన నీటిని భర్తీ చేయుటకు నడుమనుండి ద్రవము అంచునకు ప్రవహించును. తనతో రేణువులను తీసికొనిపోవును. మన వాష్‌లో కూడ ఇదే జరుగును. రెక్క నడుమ ఒక మడుగు నిలువనిచ్చినచో, నీడకు బదులు వలయము మిగులును. కనుక నిలిచిన మడుగును పొడి కుంచె కొనతో వెంటనే పీల్చివేయవలెను. మన వేసవిలో నీరు త్వరగా ఎగిరిపోవును గనుక, ఒకసారికి అరచేతి వైశాల్యమున సగముకన్న ఎక్కువ తడుపకుండుట మంచిది. తడిగా ఉన్నప్పుడు పాలవలె తెల్లగా తోచు ఎమల్షన్ ఎండిన పిదప తేటపడును. అందుచే రంగు ఎండినకొలది ముదురగును. ఒకే ముదురు పూతకన్న, ఆరనిచ్చి వేసిన మూడు లేత పూతలు శ్రేయస్కరము. ఎండిన పూత కరగదు గనుక మూడవ పూత మొదటిదానిని చెరపదు. ఎనామెల్ ఇవ్వలేని నెమ్మది ఇక్కడ దొరకును.

నీటితో కలియునది గనుక ఆక్రిలిక్ నీరే అని భ్రమపడరాదు. అది ప్లాస్టిక్కు జాతి. కుంచె కడిగిన నీటిని తూములో పోసినచో, ఆ సూక్ష్మ రేణువులు కాలువలవరకు పోవును. మిగిలిన రంగును పాత కాగితమునకు తుడిచి ఎండనిచ్చి పారవేయుట, కడిగిన నీటిని ఒక పాత్రలో నిలువయుంచి పేరుకొన్న మడ్డిని వేరుచేయుట బాధ్యత తెలిసినవారి పద్ధతి. కొన్ని రంగు పొడులు విషపూరితములు కూడ. కుంచె కొనను పెదవులతో సన్నజేయు అలవాటు పిల్లలకు రానీయరాదు.

చివరకు నీడ వన్నెను గూర్చి ఒక మాట. నీడ అనగా నలుపు అని తలచి, క్రొత్తవారు నల్లరంగు వాష్ వేయుదురు. ప్రతి సందును నల్లని గీతగా మారి, విమానము పటములో గీసిన బొమ్మవలె అగును. నిజమైన నీడ తన వస్తువు రంగును పూర్తిగా విడువదు. పచ్చనిదాని నీడ ముదురుపచ్చ. మట్టివన్నెకు ముదురు గోధుమ. తెల్లని రెక్కకు బూడిదవన్నె చాలును. మరకలలోను అంతే. నిన్న కర్మాగారమునుండి వచ్చిన విమానమునకు పది యుద్ధముల మసి పూయుట అబద్ధపు సాక్ష్యము. ఆ యంత్రము ఎక్కడ ఉండెను, ఎన్నాళ్లు పనిచేసెను, ఎవరు ఏ ప్రక్కనుండి ఎక్కిరి అని విచారించి వేసినదే వాష్. చరిత్ర వ్రాయువానికిని ఇదే నియమము గదా!

1942లో పాఠశాల బాలుడు నల్లరంగు పూసి పంపిన విమానమునకు ఒకే ఒక్క ప్రశ్న ఉండెను: మిత్రుడా, శత్రువా? ఆ ప్రశ్నకు అంచు చాలినది. నేడు మన పిల్లవాడు ఒక గ్లాసెడు నీరు, ఒక బొట్టు రంగు పెట్టుకొని అదే విమానము ముందు కూర్చుండి అడుగు ప్రశ్న వేరు: దీనిలో కూర్చున్నవాడెవడు? అతని బూటు ఎక్కడ రాచుకొన్నది? ఆ ప్రశ్నకు అంచు చాలదు, నీడ కావలెను. కుంచె కొననుండి జారిన పలుచని బొట్టు రెక్క సందులో నెమ్మదిగా ప్రాకి, ఎండి నిలిచినప్పుడు, కాలము కుదించిన వస్తువులో మరల ఒక మనిషి జాడ కనిపించును.